భాలుబాసా నుండి చాండిల్ దాకా: జలవిహారం, ఒక కుటుంబ పడవ

జంషెడ్‌పూర్ పేరు వినగానే మన మనస్సులో కొలుములు, పొగగొట్టాలు, కరిగిన ఇనుము ఎర్రని వెలుగు మెదలుతాయి. ఆ నగరం రెండు నదుల నడుమ వెలసినదన్న సంగతి మాత్రం అక్కడకు వెళ్ళినప్పుడే తెలిసివస్తుంది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు సోనారి దగ్గర దోముహానీ వద్ద కలుస్తాయి. ఉక్కు కర్మాగారానికి ఈ స్థలాన్ని ఎన్నుకొనడానికి ఖనిజంతోపాటు ఈ నీరు కూడ ఒక ముఖ్య కారణం. కర్మాగారం రాకముందు సాక్చీ ఒక చిన్న పల్లె. 1919లో ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు.

ఆ సాక్చీకి సమీపాన ఉన్న పేట భాలుబాసా. భాలు అంటే ఎలుగుబంటి, బాసా అంటే నివాసం. పేరులోని అడవి ఇప్పుడు పేరులోనే మిగిలింది. ఇరుకు వీథులు, చిన్న దుకాణాలు, ఒకదానినొకటి ఆనుకొన్న ఇళ్ళు నేటి భాలుబాసా స్వరూపం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కర్మాగారపు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరతరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ వారి ఐకమత్యానికి గుర్తులు.

మూడు జలాశయాలు

భాలుబాసా వాసులకు సెలవునాటి జలవిహారానికి మూడు చోట్లు అందుబాటులో ఉన్నాయి. మొదటిది జూబిలీ పార్కులోని జయంతి సరోవరం. ఉక్కు సంస్థ స్వర్ణోత్సవ సందర్భంగా 1958లో నగరానికి అంకితమైన ఈ ఉద్యానవనంలోని సరస్సు తెడ్డు పడవలకు చాలినంత మాత్రమే. రెండవది మాంగో వంతెన దాటి, దల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా సరస్సు. ఇది నగరానికి తాగునీటిని అందించే జలాశయం. కనుక ఇంధనం, నూనె చిందే యంత్రాలను ఇటువంటి నీటిపైకి దించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసి ఉంటుంది.

మూడవది చాండిల్. రాంచీ వైపు రహదారిపై సుమారు 35 కిలోమీటర్ల దరిదాపులో, సువర్ణరేఖపై కట్టిన ఆనకట్ట వెనుక నీరు సముద్రాన్ని తలపిస్తుంది. ఆ నీటి అడుగున ఎన్నో పల్లెలున్నాయి. ఊళ్ళు కోల్పోయినవారిలో పలువురు నేడు అదే నీటిపై చేపల పెంపకంతో, పడవల నిర్వహణతో జీవిస్తున్నారు. 2024 ఆగస్టులో ఒక శిక్షణ విమానం ఈ జలాశయంలో కూలి ఇద్దరు మరణించినప్పుడు, శకలాలను వెలికితీయడానికి మన విశాఖపట్నం నుండి నౌకాదళ బృందం వెళ్ళవలసి వచ్చింది. పైకి ప్రశాంతంగా కనిపించే నీటి లోతును ఆ ఒక్క ఉదంతం చెబుతుంది.

బండి వెంట వచ్చే పడవ

ఇటువంటి విశాల జలాశయాలకు విదేశాలలో కుటుంబాలు ఎక్కువగా వాడే పడవను బౌరైడర్ అంటారు. మన పల్లెకారులు పడవ ముందు భాగాన్ని అణియమనీ, వెనుక భాగాన్ని అమరమనీ అంటారు. సాధారణ మోటారు పడవలో అణియం మూసి ఉంటుంది. బౌరైడర్‌లో దానిని తెరిచి, ఎదురెదురుగా ఆసనాలు అమరుస్తారు. మధ్యన గాలి అద్దం, దాని వెనుక చోదకుని స్థానం, అమరం వద్ద యంత్రం ఉంటాయి. పొడవు 17 నుండి 20 అడుగులు, శక్తి 115 నుండి 200 అశ్వశక్తి వరకు ఉండడం పరిపాటి.

దీని నడక ఇంజనీరింగ్ దృష్టితో ఆసక్తికరమైనది. నీటిలో మునిగి నడిచే పడవకు దాని పొడవే వేగపరిమితిని నిర్ణయిస్తుంది. నీటిమట్టం వద్ద 16 అడుగుల పొడవున్న పడవకు అది గంటకు సుమారు 10 కిలోమీటర్లు. అంతకు మించి పోవాలంటే పడవ తాను లేపిన అలనే ఎక్కి, నీటి ఉపరితలంపై జారవలసి ఉంటుంది. అడుగుభాగం ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో లోతుగా ఉంటే అలల దెబ్బ తగ్గుతుంది. రేమండ్ హంట్ రూపొందించిన ఈ తరహా అడుగు గల పడవ 1960లో మయామీ–నస్సావ్ సముద్రపు పందెంలో గెలిచిన తరువాత లోకమంతటా ప్రచారం పొందింది.

వేగాన్ని కాగితంపై లెక్కకట్టవచ్చును. యంత్రం నిమిషానికి 5000 చుట్లు తిరిగి, గేర్లు దానిని సగానికి తగ్గిస్తే, పంకా 2500 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు పంకా 19 అంగుళాలు ముందుకు చొచ్చుకుపోవలెనని లెక్క. ఆ ప్రకారం వేగం గంటకు 72 కిలోమీటర్లు. పంకా నీటిలో జారడంవల్ల పదిశాతానికి పైగా తగ్గి, 60 నుండి 65 మిగులుతుంది. అయితే 150 అశ్వశక్తి పెట్రోలు యంత్రం పూర్తి వేగంలో గంటకు 50 లీటర్లకు పైగా తాగుతుంది.

పడవను ట్రైలరుపై ఇంటినుండి రేవుకు తీసుకుపోగలగడం మరొక సౌకర్యం. మన దేశంలో రహదారి వాహనాల వెడల్పు పరిమితి 2.6 మీటర్లు కనుక పడవ వెడల్పు అందులో ఇమడాలి. 18 అడుగుల పడవ, ఇంధనం, ట్రైలరు కలిపితే బరువు ఒకటిన్నర టన్నుల దాకా వస్తుంది. దీనిని చిన్న కారు లాగలేదు. భాలుబాసా వంటి వీథులలో అంత పొడవైన బండిని మలుపు తిప్పడం కూడ ఒక పరీక్షే.

అసలు సామర్థ్యం

కాని కుటుంబ పడవకు వేగం అసలు కొలత కాదు. ఎందరిని, ఎక్కడ కూర్చోబెట్టి క్షేమంగా తిరిగి తీసుకురాగలదన్నదే కొలత. 18 అడుగుల పడవ నీటిపై పరచుకొన్న వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు అనుకొంటే, 70 కిలోల మనిషి ఎక్కినప్పుడు అది ఒక్క సెంటీమీటరు మాత్రమే దిగుతుంది. ఇంకొకరు, మరొకరు అని ఎక్కించడానికి ఆశ కల్పించేది ఈ లెక్కయే. కాని పడవలు కేవలం బరువుతో మునగవు. ఛాయాచిత్రం కోసం అందరూ ఒక పక్కకు చేరినా, నిలుచుని గురుత్వకేంద్రాన్ని పైకి లేపినా ఒరుగుతాయి. బౌరైడర్‌లో అణియం నిండా మనుషులుండగా హఠాత్తుగా వేగం తగ్గిస్తే ముక్కు దిగి, ఎదుటి అల లోపలికి వస్తుంది. పిల్లలు కూర్చోవడానికి ఇష్టపడే చోటు కూడ అదే.

అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎందరు, ఎంత బరువు అన్నది తెలిపే ఫలకం తప్పనిసరి. ఫలకం లేని చిన్న పడవకు అక్కడ ఒక మోటు లెక్క వాడతారు. పొడవును, వెడల్పును అడుగులలో హెచ్చించి 15తో భాగించాలి. 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటే తొమ్మిదిమంది. ప్రశాంత వాతావరణంలో అదే గరిష్ఠం.

ఈ లెక్కలను నిర్లక్ష్యం చేయరాదని మన నదులే హెచ్చరించాయి. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన లాంచీ గోదావరి వరదలో కచ్చులూరు వద్ద మునిగింది. అందులోని 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ జలయాన చట్టం వచ్చింది. అయినా రేవులో అడుగుపెట్టే క్షణాన చట్టం కంటె మన వివేకమే ముందుండాలి.

కనుక చాండిల్‌లోనైనా, నాగార్జునసాగర్‌లోనైనా, పాపికొండలలోనైనా పడవ ఎక్కేముందు సరంగును మూడు ప్రశ్నలు అడగండి. ఈ పడవలో ఎందరికి అనుమతి? ప్రతి ఒక్కరికీ, పిల్లలకు సైతం, సరిపోయే ప్రాణరక్షక కవచం ఉన్నదా? ఈనాటి నీరు, గాలి ఎట్లా ఉన్నాయి? సమాధానం సంతృప్తికరంగా లేకపోతే ఆ పూటకు గట్టుమీద కూర్చుని దల్మా కొండలను చూడవచ్చును. ఆ దృశ్యం కూడ తక్కువదేమీ కాదు. కర్మాగారంలో శిరస్త్రాణం లేనిదే అడుగుపెట్టని మనం, కుటుంబంతో నీటిపైకి వెళ్ళేటప్పుడు కూడ అదే క్రమశిక్షణను పాటించుదాం.