రెండు భాషల నడుమ

2011 ఫిబ్రవరిలో జనగణనకు తమిళనాడులోని పళ్లిపట్టు వైపు నేత వీధుల్లో ఇల్లిల్లూ తిరిగిన బడిపంతుళ్లలో నేనూ ఒకణ్ణి. మాతృభాష అన్న గడిలో చాలా ఇళ్లకు తప్పు రాశాను. వాకిట్లో నిలబడి తమిళంలో అడిగాను, తమిళంలో జవాబొచ్చింది, తమిళం అని రాసేశాను. చిన్నప్పుడు తల్లి బిడ్డతో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష అని మాకిచ్చిన పుస్తకంలో ఉంది. చదివాను కూడా. చీకటి పడేలోగా వీధి ముగించాలన్న తొందరలో పక్కన పెట్టేశాను.

ఒక ఇంట్లో అవ్వ కండెలు చుడుతూ ఉంది. నాకు జవాబులన్నీ తమిళంలోనే చెప్పింది. పోగు తెగింది. కొసలు రెండూ వేళ్ల మధ్య నులిమి ముడేస్తూ, రాట్నం మీద చెయ్యేసిన మనవణ్ణి తెలుగులో కసిరింది.

"తెలుగోళ్లా అవ్వా?" అన్నాను.

"మీరు అరవంలో అడిగితిరి, నేను అరవంలో చెప్తిని. ఇంట్లో తెలుగే కదా ఐవోరా!"

ఆ ఒక్క గడీ దిద్దాను. దాటొచ్చిన ఇళ్లకు మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఇప్పటికీ నన్ను బాధించేది అదే.

ఈ సీమలో ఆ గడికి ఎంత బరువుందో తెలిసి కూడా అలా చేశాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవు తీర్చడానికి వచ్చిన పటాస్కర్, గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని 1951 జనగణనలోని భాషల లెక్కలు చూశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పళ్లిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరాయి. సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్లింది. వాకిట్లో చెప్పిన ఒక్క మాట ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చడానికి పనికొచ్చింది.

ఇక్కడివాళ్లు అటూ ఇటూ కాక నడుమ మిగిలిపోయారని నేనూ అంటుండేవాణ్ణి. ఎంత తేలిగ్గా అనేశాను! తెలుగులో నడుమ, నడుము ఒక్క మాటలోంచి వచ్చినవే. తమిళంలో 'ఇడై' అన్నా ఆ రెండర్థాలూ ఉన్నాయి. ఒంట్లో బరువు మోసేది ఆ చోటే. ఆ అవ్వ రెండు భాషలూ తడబడకుండా మాట్లాడింది. ఏ భాష ఎవరితోనో ఆమెకు బాగా తెలుసు.

2027 జనగణనకు వెళ్లే కుర్ర టీచర్లు అడిగితే నేను చెప్పేదిదే: "మీ భాషేమిటి" అని అడగొద్దు. "చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది" అని అడగండి. ఆ తర్వాత, వచ్చిన మిగతా భాషలు కూడా అడిగి రాయండి. తప్పు రాశామని అనుమానమొస్తే, చీకటి పడినా సరే, ఆ ఇంటికి తిరిగి వెళ్లండి.