పలుచని రేకు, తగిన రంగు

టేకు వెనీర్‌కు రంగు ఎంచుకోవడమంటే షేడ్ కార్డు మీద వేలు పెట్టి చూపడమేనా? కాదనే అనిపిస్తుంది నాకు. వెనీర్ అంటే పలుచని చెక్క రేకు, మందం సుమారు అర మిల్లీమీటరు. రంగు కుదరకపోతే గీకేసి మళ్లీ మొదలుపెట్టడానికి చెక్కే మిగలదు.

చెక్కకు వేసే రంగుల్లో డై ఒకటి, పిగ్మెంట్ స్టెయిన్ ఒకటి. డై ద్రావకంలో కరిగి చెక్క నారల్లోకి ఇంకుతుంది. చారలు తేటగా కనిపిస్తాయి, కానీ ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. పిగ్మెంట్ స్టెయిన్‌లోని రేణువులు చెక్క రంధ్రాల్లో నిలుస్తాయి, ఎండకు మరింత ఓర్చుకుంటాయి. మందంగా పూస్తే మాత్రం చారలను కప్పేస్తాయి. నీళ్లలో కలిపే రంగు నారను లేపుతుంది. స్పిరిట్ రంగు చప్పున ఆరిపోతుంది కాబట్టి, చెయ్యి ఆగినచోట గీత పడుతుంది. రేకును అంటించిన జిగురు పైకి ఊరినచోట ఏ రంగూ సరిగా పట్టదు.

అందుకే అదే వెనీర్ షీటులో మిగిలిన ముక్క మీద రంగు వేసి, పాలిష్ కూడా పూసి, ఆ గది వెలుతురులోనే చూడాలి. పాలిష్ పడ్డాకే అసలు ఛాయ బయటపడుతుంది. నేనైతే కిటికీ పక్క తలుపుకు స్టెయిన్, ఎండ సోకని అల్మరాకు డై ఎంచుకుంటాను. ఏ రంగైనా సరే, చెట్టు ఏళ్ల తరబడి పెంచుకున్న చారలను దాచకూడదు.