ఆడపడుచు మాట

మా వదిన తొమ్మిది నెలల పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది. "బాగున్నావా అమ్మాయ్, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి" అని అడిగేది. ఆ తర్వాత ఫోన్ మనవరాలి చేతికిచ్చేసేది. కోపమొచ్చిందా వదినా అంటే "కోపమెందుకూ" అనేది. అంతే.

తప్పు నాది. దాని గురించే రాద్దామని కూచున్నాను.

2024 మార్చి 8న నూజివీడులో ఒక మహిళా సంఘం వాళ్ళు మీటింగు పెట్టారు. 'మారుతున్న వాతావరణం – స్త్రీలు' అన్నది అంశం. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయినదాన్ని, ఆగిరిపల్లి దగ్గర పల్లెలో పుట్టినదాన్ని కదా అని నన్ను పిలిచారు. డ్వాక్రా ఆడవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, కాలేజీ పిల్లలు, ఓ రెండొందల మంది వచ్చారు. వదినని నేనే రమ్మన్నాను. కొత్త చీర కట్టుకుని వచ్చి మూడో వరసలో కూచుంది.

ఉపన్యాసం బాగానే మొదలైంది. మామిడి పూత గురించి చెప్పాను. డిసెంబరు, జనవరి నెలల్లో చలి పడి పొడిగా ఉంటే తప్ప మామిడి సరిగ్గా పూతకి రాదు. ఆ వేళకి మబ్బు పట్టినా, మంచు కురిసినా తేనెమంచు పురుగూ బూడిద తెగులూ పట్టుకుంటాయి. పూత నిలిచినా పిందె రాలుతుంది. పిందె నిలిస్తే ఏప్రిల్‌లో ఈదురుగాలి. అంతకు ముందు డిసెంబరు 5నే మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇవన్నీ అక్కడ కూచున్నవాళ్ళకి నాకంటే బాగా తెలుసు. తలలూపారు. ఆ తలలూపడం చూస్తే నాకు హుషారొచ్చింది. హుషారొస్తే నాకు గొంతు పెరుగుతుంది.

"బయటివాళ్ళ సంగతి దేనికి, మా ఇంట్లోనే చూడండి" అన్నాను. "మా నాన్న చేత్తో నాటిన నూట యాభై రసం చెట్లు. మా అన్నయ్య పోయి ఏడాది తిరక్కుండానే కొట్టించేసి పామాయిల్ వేశారు. వేసవిలో ఒక్కో చెట్టు రోజుకి రెండొందల లీటర్ల నీళ్ళు తాగుతుంది. నాలుగు డబ్బుల కోసం మన పిల్లల నీళ్ళు మనమే తాగేస్తున్నాం. సిగ్గుపడాలి మనం."

చప్పట్లు కొట్టారు. 'వేశారు' అన్నానే గానీ పేరు చెప్పలేదు. కానీ ఆ హాల్లో సగం మందికి మా ఇల్లు తెలుసు. కొన్ని తలలు మూడో వరస వైపు తిరిగాయి. వదిన ఒళ్ళో ఉన్న చేతిసంచీ అటూ ఇటూ సర్దుకుంది. తర్వాత చర్చకి అరగంట టైము ఇచ్చారు. ఒక్కరు కూడా లేవలేదు. నా మాట అందరికీ అంతగా ఎక్కిందన్నమాట అనుకున్నాను నేను.

ఆ చెట్లు ఎందుకు పోయాయో నాకు తెలియనిదేం కాదు. అన్నయ్య 2019లో పోయాడు. మామిడి తోటంటే ఆడమనిషి ఒక్కతీ చేసుకునే వ్యవసాయం కాదు. పూత మీదే గుత్తకిస్తారు. గుత్తదారు అడ్వాన్సిస్తాడు, కాపు తగ్గితే మిగతాది ఎగ్గొడతాడు. వాడితో బేరం ఆడాలంటే రచ్చబండ దగ్గర మగవాళ్ళ మధ్య నిలబడాలి. మందు కొట్టేవాళ్ళని పిలవాలి, రాత్రి కాపలా పెట్టాలి, కాయ కోయించి నున్న మార్కెట్‌కి తోలించాలి, అక్కడ తరుగు ఎంత తీస్తారో చూసుకోవాలి. రసాలు బంగినపల్లిలాగా దూరాలు వెళ్ళే కాయ కూడా కాదు, రెండు రోజులు ఆలస్యమైతే మెత్తబడిపోతుంది. ఆ ఏడాది వదినతో గుత్తదారు "అన్నగారుంటే వేరు" అన్నాడట. కొడుకు హైదరాబాదులో. పామాయిల్ గెలలకైతే రేటు ముందే చెబుతారు, కోసి కలెక్షన్ సెంటర్‌కి పంపితే డబ్బు బ్యాంకులో పడుతుంది. బ్యాంకులో అంటే ఎవరి ఖాతాలో? మా వదిన ఖాతాలో. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి ఆమె పేరు మీద తెరిచిన ఖాతా అది. నలభై ఏళ్ళ కాపరంలో ఆమె ఎవర్నీ అడక్కుండా తీసుకున్న మొదటి నిర్ణయం కూడా అదే. మైకు ముందు నిలబడి స్త్రీల నిర్ణయాధికారం గురించి మాట్లాడే నేను, సరిగ్గా ఆ ఒక్క నిర్ణయానికే ఆమెని సిగ్గుపడమన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆరోజు ఉపన్యాసంలో అది చెప్పలేదు. 1985 సెప్టెంబరు తర్వాత పెళ్ళయిన ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం తెచ్చింది. నా పెళ్ళి 1987లో. నాన్న తోటలో నాకూ నాలుగెకరాలొచ్చింది. ఆడపిల్లకి వాటా ఏంటని బంధువులు మొహం మీదే అన్నారు, నేను దబాయించి తీసుకున్నాను. ఇప్పటికీ దానికి గర్వపడతాను. 2008లో నూజివీడుకి ట్రిపుల్ ఐటీ వచ్చింది. భూముల రేట్లు పెరిగాయి. నా నాలుగెకరాలూ అమ్మి విజయవాడలో ఫ్లాటు కొనుక్కున్నాను. కొన్నవాడు చెట్లన్నీ కొట్టేసి ప్లాట్లు వేశాడు. ఇవాళ అక్కడ సిమెంటు స్తంభాలూ సర్కారు తుమ్మా ఉన్నాయి. అవీ నాన్న నాటిన చెట్లే! నేను కొట్టించలేదు కదా, అమ్మానంతే అని ఇన్నాళ్ళూ ఎంత హాయిగా ఉన్నానో.

మన ఇళ్ళల్లో ఆడపడుచు వదినని నలుగురిలో చులకన చేయడం కొత్తేం కాదు. పుట్టింటి మీద ఆడపడుచుకున్న అధికారం అదొక్కటే కాబట్టి దాన్ని వదులుకోదు. నేను చేసింది కూడా అదేనేమో. కాకపోతే మా మేనత్తలు పులుసులో ఉప్పుని పట్టుకుంటే, నేను భూగోళాన్ని పట్టుకున్నాను.

ఈ సంగతి నాకు తట్టింది మార్చిలో కాదు, సెప్టెంబరులో. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకి బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అంత ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇల్లు పీకల్లోతు నీళ్ళలో ఉంది. ముసలి అత్తతో, పదిహేనేళ్ళ కూతురితో మూడు రోజులు పక్కవాళ్ళ డాబా మీద ఉంది. ఆ కూతురికి అదే టైములో నెలసరి. మిగతాది మీరూహించుకోవచ్చు. నాలుగో రోజు మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఆడవాళ్ళం నిలబడి మాట్లాడుకుంటుంటే ఒకావిడ "వాగులో ఇళ్ళు కట్టుకోమని ఎవరు చెప్పారండీ వీళ్ళని? ప్రకృతితో ఆటలాడితే ఇంతే" అంది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు ప్రేమతో వెళ్ళి వాగులో కట్టుకున్నారా, అంతకన్నా చవగ్గా జాగా ఎక్కడుందో మీరు చూపిస్తారా అని అరిచాను. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే ఆవిడ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో కాదు, నూజివీడులో మైకులోంచి.

సిగ్గు అన్న మాట మన ఆడవాళ్ళకి చిన్నప్పట్నుంచీ పరిచయమే. కూచుంటే సిగ్గు, నవ్వితే సిగ్గు, పిల్లలు పుట్టకపోతే సిగ్గు, ఎక్కువమంది పుడితే సిగ్గు. చట్టం కూడా ఈ పని చేసింది. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళని స్థానిక ఎన్నికల్లో నిలబడనివ్వలేదు. ఎంతమందిని కనాలో మొగుడూ అత్తా తేల్చే ఇళ్ళల్లోంచి వచ్చిన ఆడవాళ్ళకి, రిజర్వేషన్ వల్ల దొరికిన సీటు అలా పోయింది. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ఎందుకంటే ఇప్పుడు పిల్లలు తగ్గిపోతున్నారట, ఇంకా కనాలట! భూమికి భారమని నిన్న తిట్టారు, భూమి ఖాళీ అవుతుందని ఇవాళ బతిమాలుతున్నారు. రెండుసార్లూ కడుపు మాత్రం మనదే.

మామిడి దగ్గరికే వస్తే, 2015లో ఉమ్మడి హైకోర్టు కార్బైడుతో పళ్ళు మగ్గేసే వ్యాపారుల్ని ఉగ్రవాదులకంటే దారుణమంది. కార్బైడు మంచిదని నేననను, అది నిషేధించిన పదార్థమే. కానీ ఆ మాట తర్వాత ఆ సిగ్గు ఎవరి మీదికి వచ్చిందో చూశాను. గోడౌన్లలో టన్నులకొద్దీ మగ్గేసేవాళ్ళు మనకి రోడ్డు మీద కనిపించరు. తెల్లారగట్ల బస్సెక్కి మా ఊరి నుంచి చిన్నరసాలు బుట్టలో తెచ్చి అమ్ముకునే ఆవిడ కనిపిస్తుంది. "కార్బైడా ఇవి? నిజం చెప్పు" అని కాయని ముక్కు దగ్గర పెట్టుకుని నిలదీసేవాళ్ళు. ఆవిడ గడ్డిలో మగ్గేసిన కాయలవి. ఒట్లు పెట్టుకునేది పాపం.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. 2019లో గ్రెటా థన్‌బర్గ్ ఐక్యరాజ్య సమితిలో పెద్దవాళ్ళని నిలదీసిన వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది వాడే. మంచి పిల్లాడు, చెట్లంటే ప్రాణం. పామాయిల్ సంగతి తెలిసి వదినకి ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకాడు. వాళ్ళు నలుగురూ ఏటా సంక్రాంతికి వచ్చి వెళ్తారు. అంతదూరం విమానంలో వచ్చి వెళ్తే ఒక్కో మనిషి వాటాకి పడే కార్బన్, మన దేశంలో సగటు మనిషి ఏడాది పొడుగునా విడిచే రెండు టన్నులకి తక్కువుండదు. మరి వాణ్ణి రావద్దందామా? వాడొస్తే వదిన మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. నేనే గనక అదే నోటితో వాడికీ సిగ్గులేదా అనాలంటే అనలేను. అనలేదు కూడా. వదిననైతే రెండొందల మందిలో అనగలిగాను.

అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే ఈ తేడా రాశారు. బతకడానికి విడిచే పొగనీ విలాసానికి విడిచే పొగనీ ఒకే తూకంలో వేసి లెక్కకట్టడం అన్యాయమన్నారు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. పొలం మడి దగ్గర వరి నుంచి వచ్చే మీథేన్‌నీ, అమెరికా కార్లనీ ఒకటి చేయొద్దని పిల్లల చేత నోట్సు కూడా రాయించాను. దేశాల మధ్య తేడా తెలిసింది గానీ, ఒకే ఇంట్లో అన్న భాగానికీ చెల్లెలి భాగానికీ ఉన్న తేడా మాత్రం కనపళ్ళేదు.

అలాగని ఎవరినీ ఏమీ అనకూడదా? ఇక్కడే నాకు ఇప్పటికీ తెగదు. బోర్లు లోతుకి పోతున్నాయి. పామాయిల్ నీళ్ళు తాగడం అబద్ధం కాదు. వదిన పరిస్థితి చెప్పినంత మాత్రాన నీళ్ళు భూమిలోకి తిరిగి రావు. తప్పుని తప్పనకపోతే స్త్రీవాదమే లేదు కదా, మనం ఎంతమందిని నిలదీసి ఇక్కడిదాకా వచ్చాం! మరి ఆరోజు నేను చేసిందేంటంటే, నిలదీయడం కాదు. నిలదీస్తే ఎదుటి మనిషి జవాబు చెప్పుకునే వీలుంటుంది. నేను జవాబుకి చోటు లేకుండా చేశాను. ఆ అరగంట చర్చ ఖాళీగా పోయింది అందుకే. ఆ హాల్లో పామాయిల్ వేసినవాళ్ళు ఇంకెందరున్నారో, ఎండుటాకులు తగలబెట్టుకునేవాళ్ళు ఎందరున్నారో, వాళ్ళేం చెప్పేవాళ్ళో!

డిసెంబరులో ఊరికి వెళ్ళాను. వదినకి సారీ చెబుదామని బస్సంతా మాటలు పేర్చుకున్నాను. ఆవిడ పెరట్లో కందులు చెరుగుతోంది. నా మాటలు విని చేట ఆపలేదు. కాసేపయ్యాక "నువ్వన్నది అబద్ధమేం కాదులే అమ్మాయ్" అంది. "ఆ చెట్లు పడుతుంటే నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. రెండు రోజులు రేడియో పెద్దగా పెట్టుకున్నా. అది నీకు తెలీదుగా. అడిగితే చెప్పేదాన్ని."

తర్వాత ఇంకో మాట చెప్పింది. పక్క చేను ఒక ఒంటరి ఆడమనిషిది, ఎకరంన్నర మొక్కజొన్న. ఆవిడ బోరు ఆ వేసవిలో ఎండిపోయిందట. "నా మూలానేనేమో అని నిద్ర పట్టట్లేదు. ఎవరితో అనను? అంటే ఇదిగో ఒప్పుకుంది అంటారు" అంది. ఎకరానికి యాభై ఏడు మొక్కలు, నాలుగెకరాలు, డ్రిప్పు ఎన్ని గంటలు తిప్పుతుందో చేట పక్కన పెట్టి లెక్క చెప్పింది. తెల్లారగట్ల తిప్పితే ఆవిరి తగ్గుతుందనీ, ఎండు మట్టలు మొదళ్ళలో పరిస్తే నీళ్ళు కాస్త ఆదా అవుతాయనీ అప్పటికే ఎవర్నో అడిగి తెలుసుకుంది. రెండూ చేస్తోంది కూడా. నేను నోరు తెరవకుండా విన్నాను, అది నాకు అలవాటు లేని పని.

సాయంత్రం ఇద్దరం ఆ పక్క చేనావిడ ఇంటికెళ్ళాం. రోజు మార్చి రోజు బోరు నీళ్ళు ఇద్దరూ వాడుకుంటే ఎలా ఉంటుందో అడుగుదామని వదిన ఆలోచన. ఆవిడ ఇంట్లో లేదు, మనవడికి జ్వరమని ఆస్పత్రికెళ్ళింది. వచ్చేదాకా ఉందామని అరుగు మీద కూచున్నాం. వదిన కొంగు దులుపుకుని, "నువ్వు మాత్రం ఏం మాట్లాడకు" అంది.