సినాయ్ కొండ కింద బస

‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ (1956) చూశారు కదూ? అందులో కొండంతా సెట్టింగు కాదండోయ్! దర్శకుడు డిమిల్ కొంత షూటింగు ఈజిప్టులోని సినాయ్ కొండ మీదే చేశాడు.

ఆ కొండ ఎక్కాలంటే మొదటి చిక్కు బస. చాలామంది సముద్రపుటొడ్డున షర్మ్ ఎల్ షేక్‌లో దిగుతారు. ఈతకొలనూ, ఏ.సి. గదీ... రాజభోగమే! కానీ కొండ అక్కడికి రెండువందల కిలోమీటర్ల పైమాటే. రాత్రి వ్యానెక్కి, సూర్యోదయం చూసి, వెంటనే తిరుగుముఖం. క్లైమాక్స్ మాత్రం చూసి హాల్లోంచి వచ్చేసినట్టు!

నేను కొండ కింద సెయింట్ కేథరిన్ ఊళ్ళో, బెదూయిన్ల విడిదిలో దిగాను. రాతి గది, రెండు రగ్గులు, ఎముకలు కొరికే చలి. అయితేనేం! సాయంత్రం బస్సులన్నీ వెళ్ళిపోయాక ఎర్రరాతి కొండలూ, నక్షత్రాలూ మనవే. తెల్లవారుజామున దారి చూపింది ఆ ఊరి మనిషే. శిఖరం 2,285 మీటర్లు. చివరి 750 మెట్లు ఒంటెలు కూడా ఎక్కవు, మన కాళ్ళే గతి!

2021లో ప్రభుత్వం అక్కడ కొత్త హోటళ్ళతో పెద్ద నిర్మాణ పథకం మొదలుపెట్టింది. సుఖం పెరుగుతుంది, సరే. మరి ఆ నిశ్శబ్దం? ఆ చిన్న విడుదుల గతి? అందుకే నా సలహా ఒకటే: మీరిచ్చే డబ్బు ఆ కొండవాళ్ళ చేతికి అందే చోట దిగండి.