పక్క గదికి ప్రయాణం

ఫోన్‌లోని ఫొటోలను ఇంటి కంప్యూటర్‌కి ఎక్కించాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది వాట్సాప్. నాకు మనసొప్పదు. మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ తీశామో చెప్పే వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నయమే. అయినా పక్క గదికి చేరాల్సిన అమ్మ ఫొటో ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావడం ఎందుకు?

ఇంట్లో వైఫై రౌటర్ ఉంటే చాలు. ఫోను, కంప్యూటరు రెండూ దానికే కలిపి ఉంటే లోకల్‌సెండ్, కేడీఈ కనెక్ట్ వంటి ఉచిత యాప్‌లు ఫైళ్లను నేరుగా అటూ ఇటూ చేరవేస్తాయి. డేటా ఖర్చు కాదు. ఆ సమయానికి ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు, అదే నాకు బాగా నచ్చిన సంగతి. బ్లూటూత్‌తోనూ పంపొచ్చు గానీ, పెళ్లి ఫొటోలన్నీ అలా పంపాలంటే గంటలు పడుతుంది. ఐఫోన్‌లో 2017 నాటి ఐఓఎస్ 11 నుంచి వచ్చిన హెచ్‌ఈఐసీ ఫార్మాట్ ఫొటోలు పాత విండోస్‌లో తెరుచుకోకపోవచ్చు, అది చూసుకోవాలి.

ఇక ఫొటోలను ఆన్‌లైన్‌లోనే దాచుకుందామంటే, 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. ఇప్పుడు 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి, అందులోనే మెయిళ్లకూ వాటా. ఇంటి హార్డ్ డిస్క్ విలువ అప్పుడే తెలిసొచ్చింది. అదీ ఎప్పుడో పాడయ్యేదే, కాబట్టి మరో డిస్క్‌లో రెండో కాపీ ఉండాల్సిందే. తాతయ్య నవ్వు ఒకే ఒక్క ఫొటోలో మిగిలిన ఇళ్లెన్నో. ఫోన్‌లో చెరిపే ముందు, దయచేసి, కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి.