ఆరు వెండి నాణెములు



2019లో ఒక సంఘ కూడిక నిమిత్తం ఇంగ్లండు వెళ్ళినప్పుడు అక్కడి సహోదరులు నన్ను బాత్ అనే పట్టణానికి తీసుకువెళ్ళారు. రోమీయులు కట్టిన స్నానశాలలు నేటి వీధి మట్టానికి చాలా క్రిందుగా ఉన్నవి. భూమిలో నుండి 46 డిగ్రీల వేడితో దినమునకు పదకొండు లక్షల లీటర్లకు పైగా నీరు ఉబుకుచున్నది. మన కాగులో కాచిన నీళ్ళవలె ఆవిరి లేస్తుంది! పెద్ద కోనేటి అడుగున రోమీయులు పరచిన సీసపు రేకులు ఇప్పటికీ ఉన్నాయి.

దగ్గరలోనే, ఆ వేడినీటితోనే స్నానాలు చేయించే హోటలు ఒకటి ఉంది. 2015లో తెరిచారట. అది కట్టకముందు, 2007లో ఆ స్థలంలో త్రవ్వగా 17,577 రోమా నాణెములు దొరికాయి. ఎనిమిది సంచులలో పోసి పాతిపెట్టినవి. సంచులు చివికిపోయినా నాణెములు ఒకే ముద్దగా అతుక్కొని ఉన్నవి. దాచినవాడు మరల వచ్చి తీసుకోలేదు.

అయితే నన్ను నిలిపివేసినవి ఆ నాణెములు కావు. ఊటలో 1979-80లో త్రవ్వినప్పుడు దొరికిన పల్చని సీసపు రేకులు. సుమారు 130 ఉన్నాయి. వస్తువు పోగొట్టుకున్నవారు దొంగను శపించమని సులిస్ మినర్వా అనే దేవతకు వ్రాసి నీటిలో వేసేవారు. ఒకరికి అంగీ పోయింది, ఒకరికి చేతి తొడుగులు. అన్నియానుస్ అనే అతనికి సంచిలోని ఆరు వెండి నాణెములు పోయాయి. తీసినవాడు పురుషుడైనా స్త్రీయైనా, దాసుడైనా స్వతంత్రుడైనా విడువవద్దని వ్రాశాడు. అన్నిటికంటె ముందు, అన్యుడైనా క్రైస్తవుడైనా సరే అన్నాడు. వెనుక ప్రక్క కొందరి పేర్లు కూడ వ్రాశాడు. అనుమానం ఉన్నవారివి కాబోలు.

ఆ మాట విని నా ముఖం చిన్నబోయింది. చాలా ఏండ్ల క్రితం నేను కాపరిగా ఉన్న ఒక గ్రామ సంఘంలో కోతపండుగ కానుక ఆరువందల రూపాయలు కనబడలేదు. గుడి ఊడ్చే కుర్రవానిపై నా అనుమానం. పేరు పెట్టి అనలేదు గాని, మరుసటి ఆదివారం ఆకాను సంగతి ప్రసంగించి, మాటమాటకు వానివైపే చూశాను. సంఘమంతా చూసింది. వాని తల్లి గుడికి రావడం మానివేసింది. తరువాత ఆ నోట్లు లెక్కల పుస్తకపు అట్టలో దొరికాయి. పెద్దలతో చెప్పాను, లెక్క సరిచేశాను. ఆ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. ఇంతలో బదిలీ వచ్చింది.

నేనూ రేకు వ్రాశాను. బల్ల మీద నిలువబడి వ్రాశాను, అంతే తేడా.

తిరిగి వచ్చిన నెలలోనే ఆ ఊరు వెళ్ళాను. కుర్రవాడు లారీ మీద ఎక్కడికో పోయాడు. ఆమె అరుగు మీద బియ్యం చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి, చాప వేసి, చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. నేను నోరు తెరవకముందే,

“డబ్బు దొరికిన రోజునే వస్తారనుకున్నానయ్యగారూ,” అంది.