వాల్తేరు మిట్ట మీద ఒక రోజు

మా నర్సీపట్నంలో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే ఇంటిల్లిపాదీ వెళ్ళి, నూతిలో నీళ్ళు తోడి, రుచి చూసి మరీ మాట ఇస్తాము. పిల్లల్ని ఏళ్ళ తరబడి ఉంచవలసిన కాలేజీని మాత్రం కరపత్రంలో బొమ్మ చూసి ఖాయం చేసేస్తాము. మా పెద్దవాడి విషయంలో నేను చేసిన పొరపాటు అదే. బొమ్మలో ఉన్న ప్రయోగశాల ఆ కాలేజీలో లేదు. ఏడాది తిరగకుండానే వాడు పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ఫీజు పోతే పోయింది. వాడి ముఖంలో కళ మళ్ళీ రావడానికి చాలాకాలం పట్టింది.

అందుచేత, బి.ఎస్సీ. పూర్తిచేసిన మా అమ్మాయి వాతావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తానన్నప్పుడు, "ముందు చోటు చూసివద్దాం, పద!" అన్నాను.

"వానెప్పుడొస్తుందో చెప్పడానికి అంత చదువెందుకే? నా మోకాళ్ళు చెప్పవూ?" అన్నది మా అమ్మ.

ఆదివారం వెడితే గోడలు తప్ప ఏమీ కనిపించవు. కనుక పనిరోజు చూసుకుని, సెలవు పెట్టి, తెల్లవారుజామునే బస్సెక్కాము. మా ఊరికి రైలు లేదు గదా! తాళ్ళపాలెం దగ్గర పెద్దరోడ్డెక్కి, అనకాపల్లి దాటి, విశాఖ చేరేసరికి ఎండ ముదిరింది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి వైస్‌చాన్సలర్. 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్‌గారు ఆ పదవిలో ఉన్నారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు భూరి విరాళాలిచ్చి ఆదుకున్నారు. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పుకుపోతూంటే, "అవి పుస్తకంలోనే చదివాను నాన్నా! ఇక్కడ అడగవలసినవి వేరు" అంటూ అమ్మాయి సంచీలోంచి కాగితం తీసింది.

ప్రయోగాలు వారానికి ఎన్ని పూటలు? చదివి వెళ్ళినవాళ్ళు ఎక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు? హాస్టలులో చోటు ఎట్లా ఇస్తారు? విభాగంలో అన్నీ తనే అడిగింది. మధ్యలో నేను నోరు తెరిచాను గానీ, దాని చూపు చూసి మూసేశాను. చదవబోయేది అది, అడగవలసిందీ అదే.

మేష్టారు ఓపికగా చెప్పారు. అయితే అసలు సంగతులు టీకొట్టు దగ్గర రెండో ఏడాది అమ్మాయిలు చెప్పారు. లెక్కలు మరిచిపోతే మొదటి సెమిస్టరులోనే చిక్కులట. రెండు నెలల ఖర్చుకు డబ్బు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలట. తరువాత గ్రంథాలయం చూసి, అక్కడి నుంచి హాస్టలు దాకా ఎండలో నడిచాము. రోజూ నడవవలసిన దారి కదా! చీకటి పడ్డాక దీపాలు వెలుగుతాయో లేదో చూసేదాకా నేను కదలలేదు.

అంతకుముందు, సాయంత్రం, సముద్రం ఒడ్డున కూర్చున్నాము. "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది ఇటునుంచే కదా నాన్నా?" అన్నది. ఆనాడు ఇంటి పెంకులు లేచిపోతూంటే నన్ను పట్టుకుని వణికిన పిల్ల ఇదే. ఈ చదువే ఎందుకన్నదో అప్పుడు తెలిసింది నాకు. ఏ కరపత్రమూ ఆ మాట చెప్పి ఉండదు.

ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి. మా అమ్మ మేలుకునే ఉంది.

"వానెప్పుడో చెప్పారటే?"

"వాన సంగతి నీ మోకాళ్ళు చెబుతాయిలే మామ్మా! తుపాను సంగతి నేను నేర్చుకొచ్చి చెబుతాను."